పసిబిడ్డ గుడ్డయు ఉతుకు నీరును

పురిటిబిడ్డ యున్న యింట అనుదినము కంటబడుచుండియు కారణ మెవ్వరును విచారింపని వింతలు రెండు కలవు. అంగడినుండి అప్పుడే తెచ్చిన క్రొత్త తువాలు గుడ్డ, చూచుటకు ఎంత దళసరిగా నున్నను, బిడ్డకు కట్టినపుడు తడిని లోనికి తీసికొనక ప్రక్కకు జార్చివేయును. పదియేండ్లు కట్టి, ఉతికి, నలిగి, అంచులు చిరిగి, గట్టిగా లాగిన చినుగునేమో యనిపించు అమ్మమ్మ నేతచీర ముక్క మాత్రము ఆ తడి సోకిన క్షణముననే దానిని పీల్చుకొనును. రెండవ వింత ఇంతకంటె చిత్రమైనది. రెండు మూడు మాసములు చక్కగా పనిచేసిన గుడ్డలే, ఎక్కడను చినుగక, కంటికి తెల్లగా కనబడుచునే, ఒకనాటినుండి కారుట కారంభించును. ఉతికి ఆరవేసినపుడు ఏ వాసనయు లేని గుడ్డ, బిడ్డ తడిపిన కొంతసేపటికే ముక్కు మండునంతటి ఘాటును వెలువరించును. బిడ్డ తొడల సందున ఎఱ్ఱని కందు పొడచూపును. అప్పుడు తల్లి "ఈ గుడ్డలు మా బిడ్డకు పడలేదు" అని నిశ్చయించుకొని, వానిని మూటగట్టి అటుకపై వేసి, వాడి పారవేయు డైపర్లను తెప్పించుకొనును.

ఆమె గుడ్డపై మోపిన నేరములలో పెక్కు ఉతికిన నీటివియు, ఉతికిన పద్ధతివియు. గుడ్డను మార్చుటకు పూర్వము నీటిని విచారించిన తల్లికి ఈ పని సగము తేలిక యగునని నా దృఢవిశ్వాసము. ఆ విశ్వాసమునకు ఆధారమైన శాస్త్రవిషయములను క్రమముగా వివరించెదను.

నూలుపోగు నీటిని పట్టు విధము

దూదిలోని ప్రతి పోగును ప్రత్తిగింజ పైపొరనుండి మొలచి పొడవుగా సాగిన ఒకేయొక జీవకణము. కాయలో నున్నంతకాలము రసముతో నిండియుండు ఆ కణము, కాయ విచ్చి గాలి సోకినంతనే ఎండి, చదునై, మెలికలు తిరుగును. నడుమ సన్నని బోలు మాత్రము మిగులును. దాని గోడలు సెల్యులోజు అను పదార్థముతో నిర్మితములు. ఆ సెల్యులోజు పేటల పొడవునను నీటి యణువులను ఆకర్షించి పట్టుకొను స్థానములు అసంఖ్యాకములుగా నుండుటచేత, పొడిగా నున్నదని మనము తలచు నూలుగుడ్డ సైతము గాలిలోని తేమను తన బరువులో సుమారు 8 శాతము వఱకు నిలుపుకొనియుండును. పాలియెస్టరు అదే గాలిలో అర శాతమైనను నిలుపుకొనజాలదు.

అయినను గోడలలో ఇంకు నీటికంటె, పోగునకును పోగునకును నడుమనుండు సందులలో చేరు నీరే మిక్కిలి అధికము. దీపపు వత్తి ప్రమిదలోని నూనెను పైకి లాగుకొనునట్లు, ఆ యిఱుకు సందుల గోడలు నీటిని తమకు అంటించుకొని, దాని వెనుకనున్న నీటిని కూడ ఈడ్చుకొనుచు, తడిసిన చోటినుండి తడియని చోటికి ప్రాకించును. ఇది జరుగుటకు ఒకే నియమము: నీరు ఆ గోడకు అంటవలెను. గోడపై ఏ కొంచెము జిడ్డుపూత యున్నను నీరు అంటదు. సందులెన్ని యున్నను అవి నిరుపయోగములగును.

ప్రకృతి ప్రత్తిపోగునకు పుట్టుకతోనే అట్టి పూత నొకదాని నిచ్చినది. పోగు పైపొరలో మైనము కలదు. అది బరువులో నూటికి ఒక పాలు కూడ నిండని స్వల్పపదార్థమే యయ్యును, పరుపులలో కూరు దూదిని నీటిపై తేలించుటకు అది చాలును. ఆసుపత్రులలో గాయములు తుడుచు దూది ఆ మైనమును క్షారజలములో ఉడికించి తీసివేసినది గనుక, తన బరువునకు 20 రెట్లకు మించిన నీటిని పట్టుకొనగలదు. మిల్లులో పడుగునకు పట్టించిన గంజియు, అమ్మకమునకు ముందు మెత్తదనమునకై పూసిన పూతలును క్రొత్త గుడ్డ విషయమున ఈ అవరోధమును ఇంకను పెంచును. చీర ఉతుకున కొక కొంచెముగా ఈ పొరల నన్నిటిని పోగొట్టుకొనుచు వచ్చి, పదియేండ్లకు పరిశుద్ధమైన సెల్యులోజై మిగులును. అమ్మమ్మ చీరముక్క మహిమ ఇదియే. కావున బిడ్డకై క్రొత్త గుడ్డలు కొన్నవారు, ప్రసవమునకు ముందే వానిని వేడినీట సబ్బుతో నాలుగైదు మారులు ఉతికి, మారుమారునకు ఎండనిచ్చి సిద్ధపఱచుకొనవలెను.

ప్రత్తికి వేఱొక సుగుణము కలదు. తడిసిన నూలు పొడినూలుకంటె బలముగా నుండును. అందుచేతనే అది రేవులో బండదెబ్బలకు ఓర్చుకొనుచున్నది. వెదురునుండి తీసినదని చెప్పి మెత్తదనమునకై అమ్ముచున్న గుడ్డలలో పెక్కు విస్కోసు రేయానుజాతివి. అవి నీటిని చక్కగా పీల్చును గాని, తడిసినపుడు బలములో ఇంచుమించు సగము కోల్పోవును గనుక వానిని బండపై బాదరాదు, మెలిపెట్టి పిండరాదు.

పాతచీరను వాడువారికి ఒక హెచ్చరిక చేయక తప్పదు. మన యిండ్లలో పాతబట్టలను ట్రంకుపెట్టెలలో కలరా ఉండలు వేసి దాచుట ఆచారము. ఆ ఉండలలోని నాఫ్తలీను ఆవిరి బట్టలకు పట్టి, శిశువు చర్మముద్వారా, శ్వాసద్వారా దేహమున ప్రవేశించును. జి-6-పి-డి అను ఎంజైము పుట్టుకతోనే కొఱవడిన శిశువులు మన దేశమున తక్కువమంది కారు. అట్టి శిశువునకు ఆ ఆవిరి సోకినచో రక్తకణములు చితికిపోయి, కామెర్లు ప్రాణాపాయముగ పరిణమించిన ఉదంతములు వైద్యగ్రంథములలో కలవు. కలరా ఉండల వాసన తగిలిన గుడ్డను బిడ్డకు కట్టకుండుటయే క్షేమము. గర్భిణి యున్న యింట ముందుగనే ఆ ఉండలను తీసివేసి, బట్టలను పలుమారులు ఉతికి, వాసన పూర్తిగా పోవు వఱకు గాలికిని ఎండకును ఆరవేయవలెను.

【చుక్క పరీక్ష: ఉతికి ఎండిన గుడ్డను చదునుగా పఱచి, దానిపై ఒక నీటిచుక్కను వ్రేలికొనతో మెల్లగా విడువుడు. చుక్క వెంటనే అణగి, గుండ్రని తడిమచ్చయై వ్యాపించినచో గుడ్డ ఆరోగ్యముగ నున్నది. చుక్క కొంతసేపు ఉబ్బుగా నిలిచి పిమ్మట ఇంకినచో పోగులపై ఏదో పొర చేరినదని గ్రహింపవలెను. పేరుకొన్న సబ్బుపొరయో, బిడ్డకు రాచిన నూనెయో, చివరి జాలింపులో వేసిన మెత్తదనపు ద్రవమో దానికి కారణము. ఆ ద్రవములు నూలునకు అంటుకొని ఉండిపోవుటకే తయారు చేయబడినవి గనుక బిడ్డ గుడ్డలకు ఎన్నడును వాడరాదు.】

ఘాటు ఎక్కడనుండి వచ్చును?

ఆరోగ్యవంతుడైన శిశువు మూత్రము విడిచిన క్షణమున దానికి చెప్పుకొనదగిన వాసన యుండదు. అందున్న యూరియా వాసన లేనిది. చర్మమునకు హాని చేయనిది. మలములోని బాక్టీరియాలలో కొన్ని యూరియేజు అను ఎంజైమును తయారు చేయును. ఆ ఎంజైము యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టించును. గుడ్డ ఎంతకాలము తడిగా నుండునో, అందు బాక్టీరియాలు ఎన్ని మిగిలియుండునో, అంత ఘాటు. 1921లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరవైద్యుడు కుక్, శిశువుల పిఱుదులపై పుండ్లకు అమ్మోనియాయే కారణమని ప్రకటించి, గుడ్డలలోని బాక్టీరియాలను అరికట్టుటయే చికిత్స యని బోధించెను.

ఆయన సగము సత్యమును కనుగొనెను. శేషించిన సగము 1980ల పరిశోధనలలో తేటపడినది. ఆరోగ్యమైన చర్మము స్వల్పముగ ఆమ్లగుణము కలది. ఆ ఆమ్లత దానికి సహజకవచము. అమ్మోనియా క్షారగుణము కలదగుటచేత ఆ కవచమును భంగపఱచును. అంతటితో పోక, మలములో నుండు, మాంసకృత్తులను క్రొవ్వులను జీర్ణింపజేయు ఎంజైములకు క్షారస్థితి మిక్కిలి అనుకూలము; అవి రెచ్చి, అప్పటికే తడికి నాని మెత్తబడిన శిశుచర్మపు పైపొరను తినివేయనారంభించును. ఇట్లు ఒరసికొనిన చోట కాండిడా అను బూజుజాతి సూక్ష్మజీవి నాటుకొన్నచో, ఎఱ్ఱదనము తొడల మడతలలోనికి కూడ వ్యాపించి, అంచున చిన్నచిన్న పొక్కులు లేచును. దానికి గృహవైద్యము చాలదు, వైద్యుడు వ్రాసిన మందు రాయవలసినదే.

ఈ క్రమమును బట్టి చూచినచో, మూత్రమొకటియే యున్న గుడ్డకంటె మలమూత్రములు కలిసిన గుడ్డ పెక్కురెట్లు ప్రమాదకరమని స్పష్టము. మూత్రము తడిపిన గుడ్డను గంటకో రెండు గంటలకో మార్చవచ్చును. మలము సోకిన గుడ్డ విషయమున క్షణమైన జాగు చేయరాదు.

ఉతికిన గుడ్డ, తడిసినంతనే ఘాటెక్కు వింతకు కారణము కూడ ఇందే కలదు. ఉతుకు చాలక పోగుల సందులలో నిలిచిపోయిన పొరలో బాక్టీరియాలు కొన్ని దాగియుండి, ఎండినంతకాలము నిద్రాణములై, వెచ్చని క్రొత్త మూత్రము చేరినంతనే తమ పనిని పునఃప్రారంభించును. ఆ పొర ఎట్లేర్పడుచున్నదో ఇక విచారింతము.

సబ్బును మ్రింగు నీరు

తెలుగునేలపై అసంఖ్యాకములైన గృహములు బోరునీటిపై ఆధారపడియున్నవి. నేలలోతులలో రాళ్ళ నడుమ చిరకాలము నిలిచిన ఆ నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు కరగియుండును. సబ్బు నురుగు రానీయని, పప్పు ఉడుకనీయని, పాత్రలకు తెల్లని పెచ్చు కట్టించు నీరు ఇదియే. త్రాగునీటికై భారతీయ ప్రమాణసంస్థ విధించిన నియమము ప్రకారము ఈ కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములకు లోబడి యుండుట వాంఛనీయము. వేఱు నీరు దొరకనపుడు 600 వఱకు అనుమతి కలదు.

మధ్యస్థముగ 300 మిల్లీగ్రాముల కాఠిన్యమున్న నీటిని 20 లీటర్ల బక్కెట్టులో నింపితిమనుకొందము. అందు సున్నపురాయి లెక్కన 6 గ్రాముల లవణములుండును. సబ్బు ఆ నీటిలో కరగినంతనే దానిలోని క్రొవ్వుభాగము కాల్షియముతో కలిసి, నీట కరగని జిగురుపదార్థముగ మారిపోవును. ఆ 6 గ్రాములు తీరు వఱకు మురికిని వదలించు సబ్బు కొంచెమైనను మిగులదు. లెక్కవేసి చూచిన, శుద్ధమైన సబ్బు సుమారు 36 గ్రాములు ఇట్లు వ్యర్థమగును. వ్యర్థమై ఊరకుండునా? ఆ జిగురు బూడిదవన్నె పొరయై గుడ్డ పోగులకే అంటుకొనును. జిడ్డైన ఆ పొర నీటిని అంటనీయదు గనుక గుడ్డ కారును; మురికిని బాక్టీరియాలను తనలో దాచుకొనును గనుక గుడ్డ ఘాటెక్కును. రెండు మూడు మాసములకు గాని ఫలితము కనబడకుండుటకు కారణము, ఆ పొర ఉతుకుఉతుకునకు కొంచెము కొంచెముగ పేరుకొనుటయే.

దీనికి విరుగుడు చాకలిసోడా. నీటిలో దానిని ముందుగా కరగించినచో, అందలి కార్బొనేటు కాల్షియమును పట్టుకొని సన్నని తెల్లపొడిగా నీటినుండి వేఱుచేయును. పిదప వేసిన సబ్బు మురికిపైననే పనిచేయును. పైన చెప్పిన బక్కెట్టునకు పొడిసోడా 6 గ్రాములకు కొంచెము మించి, అనగా ఒక చిన్న చెంచాడు చాలును. స్ఫటికములుగా అమ్ము సోడాలో నీరు కలిసియుండును గనుక అది మూడురెట్లు కావలెను. సోడా కలిపి కొంతసేపు కదలింపకుండ నుంచి, అడుగున తేరుకొన్న పొడిని విడిచి, పైనీటిని వంచుకొని వాడుట ఇంకను మేలు. కాచిన నీరు మెత్తబడునను మాట కొంతవఱకే నిజము. కాగినపుడు కొన్ని లవణములు పెచ్చుగట్టి విడిపోవును గాని, మిగిలినవి ఎంత కాచినను కదలవు.

మన రజకులు ఈ రసాయనరహస్యమును తరతరములుగా చేతులతో ఎఱిగినవారు. వారు తెచ్చెడి చౌడుమన్నులో ఉండునది ప్రధానముగ ఈ సోడాయే. చౌడునీట తడిపిన బట్టలను బానపై పేర్చి ఆవిరిపట్టుటలో, నీటిని మెత్తపఱచుట, జిడ్డును కరగించుట, సూక్ష్మజీవులను చంపుట యను మూడు కార్యములును ఒక్కమారే నెరవేరుచుండెను. ఊరి పురిటిగుడ్డ లన్నిటిని ఉతికి తల్లీబిడ్డలను కాపాడిన ఆ విద్యకు మనము విద్యయను పేరైనను ఈయక, చేసినవారిని దూరముగ నిలిపితిమి. ఈ అపచారమును స్మరింపక ఉతుకుశాస్త్రమును గూర్చి వ్రాయుట నాకు న్యాయముగ తోచదు.

ఇంటిలో ఆచరింపదగిన క్రమము

తొలిమాసములలో దినమునకు పది పండ్రెండు గుడ్డలు మార్చవలసివచ్చును గనుక, ఇరువదినాలుగు గుడ్డలును, నాలుగైదు జలరోధకమైన పైతొడుగులును ఉన్నచో రెండునాళ్ళ కొకమారు ఉతుకుకొనవచ్చును. అంతకు మించిన వ్యవధి ఈయరాదు. విడిచిన గుడ్డలను నీళ్ళబక్కెట్టులో నానవేయు అలవాటును మానుకొనవలెను. గోరువెచ్చని మురికినీరు బాక్టీరియాలకు అనుకూలస్థానము, పైగా ప్రాకు వయసు బిడ్డ యున్న యింట నీరున్న బక్కెట్టు ప్రాణాంతకము. మలమును పాయిఖానాలో విదిలించి, ఆ భాగమును చన్నీట కడిగి పిండి, గాలి ఆడు బుట్టలో వేసియుంచుటయే మేలు. తల్లిపాలు మాత్రమే త్రాగు శిశువు మలము నీట సులభముగ కరగును. అన్నప్రాశనమైన పిదప విదిలించుటకు పైగుడ్డపై సన్నని మల్లుపేలిక యొకటి పఱచుకొన్నచో పని తేలికపడును. రాత్రియంతయు తడిసిన గుడ్డను మాత్రము ఉదయమున లేచినంతనే జాలింపవలెను.

ఉతుకునపుడు మొదటి కడుగు చన్నీటనే; వేడినీరు మాంసకృత్తులను గడ్డకట్టించి మరకను పోగులలో స్థిరపఱచును. రెండవ కడుగు వేడినీట, సోడాతో, చాలినంత సబ్బుపొడితో జరుగవలెను. ఉతుకుయంత్రమున్నవారు 60 డిగ్రీల వేడిని ఎన్నుకొనవచ్చును. "పసిబిడ్డ గుడ్డలకు సబ్బు కొంచెమే వేయవలెను" అని పెద్దలు చెప్పు మాట మంచి హృదయముతో చెప్పునదే గాని, సబ్బు చాలనిచో మురికి మిగిలిపోయి అంతకంటె కీడు చేయును. వారు భయపడునది మిగిలిపోయిన సబ్బునకు. దానికి మందు సబ్బు తగ్గించుట కాదు, జాలింపు పెంచుట. నురుగు లేక, వ్రేళ్ళకు జారుడు తగులక నీరు తేటపడు వఱకు జాలించి, కడపటి జాలింపునకు కుళాయి మెత్తనీరో, మిద్దెపై పట్టిన వాననీరో దొరకిన వాడుట శ్రేష్ఠము. క్రిమిసంహారకమని ఘాటైన ఔషధద్రవమును చివరి నీటిలో కలుపుట పలుయిండ్లలో చూచుచున్నాము. కడిగిపోని దాని శేషము బిడ్డ చర్మమును తానే కందించును. బ్లీచింగు పొడితో నిమ్మరసమును గాని వెనిగారును గాని ఎన్నడును కలుపరాదు, విషవాయువు వెలువడును.

ఇప్పటికే పొర కట్టిన గుడ్డలను పారవేయ నక్కఱలేదు. సోడా వేసిన మెత్తనీటిలో, సబ్బుపొడితో, వేడిగా, ఒకటికి రెండుమారులు ఉతికి, పిదప మెత్తనీటనే పలుమారులు జాలించినచో ఆ పొర క్రమముగ విడిపోవును. నూలుగుడ్డ లీ వేడికి తట్టుకొనును. రబ్బరుపట్టీలున్న పైతొడుగులకు మాత్రము ఈ శిక్ష విధింపరాదు.

ఇంతటి పనియు ఒక్క తల్లిపైననో, ముసలి అమ్మమ్మపైననో, లేక వేఱు దారిలేక ఒప్పుకొన్న పనిమనిషిపైననో పడుచున్నంతకాలము, గుడ్డ వాడుక సులభమని చెప్పుట ధర్మము కాదు. బిడ్డ తండ్రి రెండునాళ్ళ కొకమారు ఈ ఉతుకును తన వంతుగా తీసికొన్న యింటనే నేను పైన వర్ణించిన క్రమము నిలుకడగా సాగును.

మరకను ఎండ హరించుట

ఎంత ఉతికినను వదలని పసుపుమరక, తడిగుడ్డను తీవ్రమైన ఎండలో వేసిన ఒక పూటకే మాయమగుట మన తల్లులకు సుపరిచితము. చనుబాలు త్రాగు శిశువు మలమునకు పసుపువన్నె నిచ్చునది బిలిరుబిను అను పదార్థము. పాతపడిన రక్తకణములు విచ్ఛిన్నమైనపుడు పుట్టి, పిత్తముతో ప్రేగులను చేరునది. వెలుగు సోకి, ఆక్సిజను అందినచో అది రంగులేని చిన్న తునకలుగ విడిపోవును.

ఈ బిలిరుబినే రక్తమున అధికమైనపుడు కామెర్లగును. 1956 వేసవిలో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అను నర్సు, నెలలు నిండని శిశువులను ఎండపొడకై తోటలోనికి తీసికొనిపోవుచుండెడిది. అట్లు తెచ్చిన శిశువులలో ఒకరి దేహమంతయు తెల్లబడగా, దుప్పటి అంచు కప్పిన త్రికోణభాగము మాత్రము పసుపుపచ్చగ మిగిలియుండుటను ఆమె గమనించి వైద్యులకు చూపెను. కొన్నాళ్ళకు అదే ఆసుపత్రిలో, కిటికీయొద్ద ఎండలో మఱచిన కామెర్ల రక్తపుగొట్టమున బిలిరుబిను పరిమాణము తగ్గుట కనుగొనబడినది. క్రెమరును అతని సహచరులును 1958లో ఆ ఫలితములను ప్రకటించిరి. నేడు కామెర్లు సోకిన నవజాతశిశువులను నీలికాంతి క్రింద పరుండబెట్టు చికిత్స అందుండి పుట్టినదే. దండెముపై మన గుడ్డమరకను పోగొట్టు కార్యమును, ఆ దీపము శిశువు చర్మములో చేయు కార్యమును రెండును బిలిరుబినుపై వెలుగు చూపు ప్రభావమునుండి వచ్చినవే.

ఎండలోని అతినీలలోహిత కిరణములు పైపైని బాక్టీరియాలను కొంతవఱకు చంపును. పూర్తిగా ఎండిన గుడ్డలో మిగిలినవి వృద్ధిపొందజాలవు. వానకాలమున, ముఖ్యముగ కోస్తాలోని ఉక్కతేమలో, గుడ్డ రెండునాళ్ళకైనను ఎండదు. అప్పుడు మందమైన బహుపొరల గుడ్డలు కష్టపెట్టును. విప్పి పఱచుకొన వీలైన ఒంటిపొర గుడ్డను మడతలు పెట్టి కట్టుకొనుట యందలి సౌకర్యము అప్పుడే తెలియును. పంకా క్రింద ఆరవేసి, చివర ఇస్త్రీపెట్టె వేడిని తగిలించిన చాలును.

పైతొడుగును, రాత్రికట్టును

గుడ్డ పీల్చుకొన్న తడి పక్కకు దిగకుండుటకు పూర్వము రబ్బరుషీటు పఱచెడివారు. 1946లో అమెరికాలో మేరియన్ డోనవన్ అను తల్లి, స్నానపుగది పరదాను కత్తిరించి జలరోధకమైన పైతొడుగును కుట్టినది. 1951లో ఆమెకు దానిపై పేటెంటు లభించెను. నేటి పైతొడుగులు పాలియెస్టరు అల్లికకు పాలియురిథేను పలుచని పొర నతికించినవి. నీటిని ఆపి, ఆవిరిని కొంత వెలికి పోనిచ్చును. దానికి మలము అంటనిచో తుడిచి, ఆరనిచ్చి, లోపలి గుడ్డను మాత్రము మార్చి, అదే తొడుగును మరల వాడవచ్చును.

రాత్రికట్టునకు గుడ్డపొరలు పెంచవలెను. మగబిడ్డకు అదనపు మడత ముందుప్రక్కను, ఆడుబిడ్డకు నడుమను ఉండుట మేలు. మైక్రోఫైబరు పొరలు తడిని శీఘ్రముగ పీల్చునవే కాని, వానిలో నీరంతయు పోగుల నడుమనే నిలుచునది గనుక, బిడ్డ బరువు పడి నొక్కుకొన్నపుడు వెలికి చిమ్మును. వానిని పైన నుంచి క్రింద నూలును పఱచుకొనవలెను, చర్మమునకు మాత్రము నేరుగా తగులనీయరాదు.

గుడ్డల సంఖ్యను తగ్గించు ఉపాయమొకటి మన పెద్దల యొద్ద కలదు. పాలు కడుపున పడినంతనే పెద్దప్రేగు కదలుట శిశువులలో ప్రబలమైన స్వాభావికక్రియ. పాలిచ్చిన కొంతసేపటికి అమ్మమ్మ బిడ్డను తన కాళ్ళమీద కూర్చోబెట్టి, "ష్... ష్..." అను శబ్దము చేయుచు విసర్జింపజేయుటలో ఆ క్రియయు, శబ్దముతో కలిగిన అలవాటును రెండును పనిచేయుచున్నవి. దినమునకు ఒకటి రెండు మలపుగుడ్డలు ఇట్లు తప్పినను, ఉతుకుభారములో దుర్భరభాగము తప్పినట్లే.

పారవేయు డైపరుతో తూచి చూచిన

పారవేయు డైపరును నిందించుట నా యభిమతము కాదు. దాని గర్భముననున్న సోడియం పాలియాక్రిలేటు రేణువులు తమ బరువునకు పెక్కు పదులరెట్లు మూత్రమును జిగురుగ మార్చి బంధించి చర్మమును పొడిగ నుంచును. ప్రయాణములందు, అనారోగ్యమునందు, ఎడతెగని ముసురునందు దానిని వాడిన తల్లి ఏ తప్పును చేసినది కాదు. కాని దాని ప్లాస్టికుపొరలు మట్టిలో కలియవు. 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు వాడిన డైపర్లను విడిగా చుట్టి ఈయవలెనని నిర్దేశించినను, అవి కాలువలలోను చెత్తకుప్పలలోను విప్పుకొని పడియుండుట మనమెఱిగినదే. వానిని వట్టిచేతులతో ఏరువారు పారిశుద్ధ్య కార్మికులు.

బ్రిటిషు ప్రభుత్వసంస్థలు ఈ రెంటిని ముడిసరుకునుండి తుదివఱకు తూచి చూచినవి. 2008 నాటి గణనములో సగటు వాడుకలో రెంటికిని పెద్ద భేదము కనబడలేదు. అయితే యంత్రపువేడితో గాక ఆరుబయట ఆరవేసి, యంత్రమును నిండుగ నింపి ఉతికి, అవే గుడ్డలను రెండవబిడ్డకును వాడినచో, గుడ్డవలన వాతావరణమునకు కలుగు భారము 40 శాతము తగ్గునని తేలినది. 2023లో వెలువడిన నూతనగణనములో గుడ్డ భారము పారవేయు డైపరు భారముకంటె ఇంచుమించు నాలుగవవంతు తక్కువ. ఎండ సమృద్ధిగ నున్న మన నేలపై ఆరబెట్టుటకు విద్యుత్తే అక్కఱలేదు.

ఆ యెండకు అడ్డుపడుచున్నది నేడు మన నగరములలోని గృహసముదాయముల కట్టుబాటు. భవనశోభకు భంగమని బాల్కనీలలో బట్టలు ఆరవేయుటను నిషేధించి, మిద్దెతలుపునకు తాళము వేసిన సంఘములు పెక్కు కలవు. చంటిబిడ్డలున్న కుటుంబములకు మిద్దెపై ఎండ సోకు చోట దండెములు కట్టుకొన అనుమతింపుడని, ఆ తాళపుచెవిని పగలంతయు అందుబాటులో ఉంచుడని, ఆ సంఘముల పెద్దలను సవినయముగ అర్థించుచున్నాను.